వంగ, టమాటా పచ్చగా ఉండగానే వాలిపోతున్నాయి. ట్రైకోడెర్మా ఎందుకు పనిచేయలేదు? సొంత పొలంలో పరిశోధన ఎలా మొదలుపెట్టాలి?

గుణుపూర్_బోటనీ:

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా, గుణుపూర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువు. బీఎస్సీ బోటనీ పూర్తిచేసి ఇప్పుడు నాన్నకి సాయంగా ఇంటి దగ్గరే ఉన్నాను. వంశధార వైపు మాకు కొంచెం మెట్ట ఉంది, అందులో వంగ, టమాటా, మిరప ఇవే తిప్పి తిప్పి వేస్తుంటాం, ఎందుకంటే సంతలో రోజువారీ డబ్బు కనబడేది వీటితోనే. సమస్య ఏంటంటే పూత మొదలయ్యే టైముకి మొక్కలు అక్కడొకటి ఇక్కడొకటి వాలిపోతాయి, నీళ్లు పెట్టినా లేవవు, తర్వాత ఆ పక్కవి, ఆ తర్వాత వరుస మొత్తం. మందుల షాపులో చెబితే ట్రైకోడెర్మా అనే జీవ మందు ప్యాకెట్ ఇచ్చి నీళ్లలో కలిపి మొదట్లో పోయమన్నారు. పోశాం. వాలిన మొక్క ఒక్కటీ లేవలేదు. నాన్న ఇప్పుడు జీవ మందుల పేరెత్తితేనే కోప్పడుతున్నారు.

కాలేజీలో ఫంగస్, బాక్టీరియా అని బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నాను కానీ సొంత పొలంలో మొక్క చస్తుంటే ఏ జబ్బో చెప్పలేకపోవడం చాలా బాధగా ఉంది. ఈ జబ్బు ఏదో నేనే ఎలా తేల్చుకోవాలి, ట్రైకోడెర్మా ఎందుకు పనిచేయలేదు, దాన్ని ఇంట్లో పెంచుకోవచ్చా, ఏది పనిచేస్తుందో నాన్న కూడా నమ్మేలా పొలంలో పరీక్ష ఎలా పెట్టాలి? భామినిలో ఉన్న మా బాబాయికైతే అటువైపు రైతు సేవా కేంద్రంలో తెలుగులో చెబుతారు, మాకు వచ్చే కాగితాలన్నీ ఒడియాలో ఉంటాయి. నేను చదవగలను, నాన్న చదవలేరు. అందుకే తెలుగులో అడుగుతున్నాను. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పర్లాకిమిడి_పాథాలజీ:

తమ్ముడూ, నేను ప్లాంట్ పాథాలజీలోనే పనిచేస్తున్నాను, అందుకే నీ ప్రశ్న వదిలి పోలేకపోయాను. మొక్క వాలిపోయిందంటే నీళ్లు పైకి అందడం లేదని మాత్రమే తెలుస్తుంది. ఎందుకు అందడం లేదో పైనుంచి చూసి చెప్పడం నాకూ కుదరదు, పీకి చూడాల్సిందే.

సగం వాలిన మొక్క ఒకటి వేరు తెగకుండా మట్టితో సహా తవ్వి తియ్యి. ముందు మొదలు చూడు. నేల మట్టం దగ్గర తెల్లటి దూదిలాంటి బూజు, అందులో ఆవగింజల సైజులో గోధుమ రంగు గింజలు కనబడితే అది స్క్లెరోషియం అనే ఫంగస్ వల్ల వచ్చే మొదలుకుళ్ళు. వేళ్ల మీద బుడిపెలు ఉంటే నులిపురుగులు, అవి వేరుకి గాయం చేస్తే ఆ దారిలో మిగతా జబ్బులు కూడా లోపలికి పోతాయి. ఈ రెండూ లేకపోతే కాండాన్ని నిలువునా చీల్చు. కింది ఆకులు ముందు పసుపెక్కి, ఒక్కోసారి మొక్కకి ఒక పక్కే వడలి, లోపల గోధుమ గీతలు ఉంటే ఫ్యుజేరియం అనే ఫంగస్ మీద అనుమానపడాలి. నువ్వు రాసినట్టు ఆకులు పచ్చగా ఉండగానే, పసుపెక్కకుండా మొక్క అంతా ఒకేసారి వాలితే నా మొదటి అనుమానం బాక్టీరియా మీద, రాల్‌స్టోనియా సొలనేసియారం అంటారు.

దీన్ని తేల్చడానికి ల్యాబ్ అక్కర్లేదు. మొదలుకి దగ్గరగా రెండు మూడు అంగుళాల కాండం ముక్క శుభ్రమైన చాకుతో కోసి, గాజు గ్లాసులో మంచి నీళ్లు పోసి, ముక్క కింది కోసు నీళ్లలో మునిగేలా దారంతో వేలాడదీయి. గ్లాసు కదపకూడదు. రాల్‌స్టోనియా అయితే కొన్ని నిమిషాల్లోనే కోసిన చోటి నుంచి పాలలాంటి సన్నటి దారాలు కిందికి జారతాయి, కాసేపటికి నీళ్లు మసకబారతాయి. ఆ దారాలు లక్షల కొద్దీ బాక్టీరియా, వాటి జిగురు. నీళ్లు మోసే గొట్టాలు ఆ జిగురుతోనే మూసుకుపోతాయి, మొక్క పచ్చగా ఉండగానే వాలడానికి కారణం అదే. ఈ బాక్టీరియాని 1896లోనే అమెరికాలో ఎర్విన్ స్మిత్ వర్ణించాడు. 200కి పైగా రకాల మొక్కలకి సోకుతుంది. వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప, వేరుశనగ, అల్లం అన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయి.

ఇక ట్రైకోడెర్మా. అది ఒక శిలీంధ్రం, అంటే ఫంగస్, మిగతా శిలీంధ్రాలని పట్టుకుంటుంది. 1932లో వైండ్లింగ్ అనే ఆయన ఇది రైజోక్టోనియా అనే జబ్బు ఫంగస్ పోగుల చుట్టూ మెలిపడి వాటిని తినేయడం చూసి రాశాడు. పక్క ఫంగస్ గోడ కరిగించే ఎంజైములు వదులుతుంది, విషాలు వదులుతుంది, వేరు దగ్గర చోటుని ముందే ఆక్రమిస్తుంది. ఈ చివరిది చాలా ముఖ్యం. ముందే వచ్చి కూర్చుంటే కాపలా కాస్తుంది, వాలిన మొక్కలో గొట్టాలు మూసుకుపోయాక వచ్చి వాటిని తెరవలేదు. పైగా మీది బాక్టీరియా అయితే ట్రైకోడెర్మా మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. షాపాయన ప్యాకెట్ ఇచ్చాడు గానీ మొక్క చూడలేదు కదా. ముందు గ్లాసు పరీక్ష చేసి ఏం కనబడిందో ఇక్కడ రాయి. ఒకే మొక్క మీద చేసి ఆగకు, పొలంలో వేరు వేరు చోట్ల నుంచి తీసి చూడు.

పొట్టంగి_అల్లం:

బాబూ, మాది కోరాపుట్ జిల్లా పొట్టంగి పక్క, సాలూరు ఘాట్ ఎక్కి సుంకి దాటి వస్తే మా ఊరు. నాకు వంగ గురించి పెద్దగా తెలీదు, అల్లం గురించి తెలుసు. దుంపకుళ్ళుతో మా కొండల్లో ఎన్ని ఇళ్లు దెబ్బతిన్నాయో నేను చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అల్లంలో కూడా పైన మేడమ్ చెప్పినట్టే రెండు రకాలు ఉన్నాయి, రెండింటికీ మా వాళ్లు ఒకే మందు పోస్తారు. ఒకటి పిథియం అనే నేల సూక్ష్మజీవి వల్ల వచ్చేది: కింది ఆకులు అంచుల నుంచి పసుపెక్కుతాయి, పిలక పట్టుకుని లాగితే చేతికి ఊడి వస్తుంది, దుంప మెత్తబడి కంపు కొడుతుంది. రెండోది బాక్టీరియా: ఆకులు ముడుచుకుని పచ్చగా ఉండగానే వేలాడతాయి, దుంప కోసి నొక్కితే పాలలాంటి జిగురు వస్తుంది. మొదటిదానికి గత్తంలో, అంటే పశువుల ఎరువులో, పెంచిన ట్రైకోడెర్మా మా దగ్గర బాగా పనికొచ్చింది. రెండోదానికి ఏ పొడీ మాకు అక్కరకి రాలేదు. విత్తనం మార్చాం, నేల మార్చాం, అప్పుడే తగ్గింది.

గత్తంలో పెంచడం అంటే, 90 కిలోలు బాగా మాగిన గత్తం, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, చెట్టు నీడలో కుప్ప పోసి, పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద అవ్వాలి కానీ నీరు కారకూడదు, అంత తడి ఉండేలా నీళ్లు చల్లుతూ, పైన తడి గోనెసంచి కప్పి, మధ్యలో ఒకసారి తిరగేసి, పదిహేను రోజులు ఉంచాలి. కుప్ప మీద ఆకుపచ్చ బూజు పరుచుకుంటుంది. ఎకరానికి ఆ లెక్కన నాటే ముందు నేల తడిగా ఉన్నప్పుడు సాళ్లలో వేసుకోవాలి. ఎండిన నేల మీద మిట్ట మధ్యాహ్నం చల్లితే ఆ బూజు బతకదు. దాన్ని వేసిన రోజుల్లోనే బూజు మందులు పోయకూడదు, పోస్తే ఇదీ చస్తుంది, అదీ చస్తుంది.

ఇంకో సంగతి, ఇది మందు కంటే పెద్దది. కుళ్ళిన దుంపలు, పీకిన మొక్కలు కాలవలో పడేయొద్దు. మా దగ్గర పై పొలం వాళ్లు గెడ్డలో (వాగులో) పడేస్తే కింద వాళ్ల అల్లం మొత్తం పోయింది. నీళ్లు ఎటు పారితే జబ్బు అటు పారుతుంది. ఎత్తు బోదెలు కట్టుకో, వాన నీరు ఒక్క పూట కూడా నిలవకూడదు. పొట్టంగిలో ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది, సుప్రభ, సురుచి లాంటి అల్లం రకాలు అక్కడి నుంచే వచ్చాయి. అక్కడికి వెళ్తే కూడా మొదట చెప్పేది విత్తనం, మురుగు నీరు పోయే దారి, ఈ రెండే.

మునిగుడ_పత్తి:

అందరూ బాగా చెబుతున్నారు కానీ నా బాధ కూడా వినండి. అప్పు తెచ్చి పంట వేసినవాడికి పదిహేను రోజులు గత్తం మాగబెట్టే ఓపిక ఎక్కడ ఉంటుంది? కళ్ల ముందు మొక్క చస్తుంటే ఏదో ఒకటి కొట్టాలి కదా. మా వైపు అందరూ స్ట్రెప్టోసైక్లిన్, కాపర్ కలిపి పోస్తారు, కొంతైనా ఆగిందంటారు. పరిశోధన మంచిదే, అది చేసేలోపు సీజన్ అయిపోతుంది. తమ్ముడు చదువుకున్నవాడు, ఉద్యోగం చూసుకోక ఈ మట్టి పరీక్షలు ఎందుకు అని వాళ్ల నాన్న అనుకోవడంలో తప్పేముంది?

పర్లాకిమిడి_పాథాలజీ:

అన్నా, మీ కోపం న్యాయమైనదే, అప్పు మీద వడ్డీ ఎవరి కోసమూ ఆగదు. కానీ మొక్క వాలాక పోసే ఏ మందుకైనా, రసాయనమైనా జీవ మందైనా, ఆ మొక్క దక్కదు. పోసిన డబ్బు కూడా పోతుంది. కాపర్‌తో పక్క మొక్కలకి పాకడం కొంత నెమ్మదించొచ్చు, అది కాదనను. స్ట్రెప్టోసైక్లిన్ సంగతి వేరు. అందులో ఉండే స్ట్రెప్టోమైసిన్ మనుషుల క్షయ వైద్యంలో వాడే మందు. దాన్ని మట్టిలో పోస్తూ పోతే మందుకి లొంగని బాక్టీరియా తయారవుతుంది, ఆ నష్టం పొలం గట్టు దగ్గర ఆగదు. నేను ఎవరికీ అది చెప్పను.

పరిశోధన ఎందుకు అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. 1943 బెంగాల్ కరువుకి ముందు 1942లో వరికి గోధుమ మచ్చ తెగులు విపరీతంగా వచ్చింది. ఆ కరువుకి తెగులే పెద్ద కారణమని ఎస్.వై. పద్మనాభన్ 1973లో రాశారు. ధాన్యం తగ్గినందుకు కాదు, కొనే శక్తి పోయినందుకు జనం చచ్చిపోయారని అమర్త్యసేన్ తర్వాత వాదించారు. ఎవరి మాట ఎంతవరకు నిజమైనా, ఆ కరువు తర్వాతే 1946లో మన ఒడిశాలోనే కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ పెట్టారు, పద్మనాభన్ దానికి డైరెక్టర్‌గా కూడా చేశారు. మన జయపురం ప్రాంతం నుంచి వందల కొద్దీ నాటు వరి రకాలు 1950ల్లో సేకరించారు, తెగుళ్లని తట్టుకునే గుణం కోసం అలాంటి రకాల్లోనే వెతుకుతారు. కాబట్టి ఈ కుర్రాడు తన మడిలో గ్లాసు పట్టుకుని కూర్చోవడం పనికిమాలిన పని అని దయచేసి అనకండి.

బయోల్యాబ్_విజయనగరం:

నేను జీవ నియంత్రణ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ప్యాకెట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి జీవ మందులు కూడా 1968 పురుగుమందుల చట్టం కిందే రిజిస్టర్ అవ్వాలి. ప్యాకెట్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, జాతి పేరు, తయారీ తేదీ, గడువు తేదీ, గ్రాముకి ఎన్ని సీఎఫ్‌యూలు అన్నవి ఉండాలి. సీఎఫ్‌యూ అంటే మొలిచి పెరగగలిగే బతికున్న కణాల లెక్క. ట్రైకోడెర్మాకి ప్రమాణం గ్రాముకి కనీసం 20 లక్షలు. ఈ వివరాలేవీ లేకుండా పచ్చ ఆకు బొమ్మ, ఆర్గానిక్ అన్న మాట మాత్రమే ఉంటే అది కొనొద్దు. నంబరు ఉన్నంత మాత్రాన లోపల ప్రాణం ఉందని కూడా కాదు, రేకుల షెడ్డులో వేసవి అంతా మగ్గిన సంచిలో ఏం బతుకుతుంది? టాల్కమ్ పొడిలో కలిపినది మామూలు గదిలో కొన్ని నెలలే నిలుస్తుంది, అందుకే గడువు తేదీ కంటే తయారీ తేదీ చూడడం మంచిది. యూరియా బస్తాల పక్కన, పురుగుమందు డబ్బాల పక్కన పెట్టిన ప్యాకెట్ తీసుకోవద్దు.

బతికుందో లేదో చూడడానికి నీకు బోటనీ వచ్చు కదా, పీడీఏ, అంటే సూక్ష్మజీవులని పెంచే జెల్లీలాంటి ఆహారం, దాని మీద పెంచి చూడు. లీటరు నీటికి 200 గ్రాముల బంగాళాదుంప ఉడికించిన రసం, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 20 గ్రాముల అగర్. ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవ్ లేకపోతే మంచి ప్రెషర్ కుక్కర్ చాలు, విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇరవై నిమిషాలకి పైనే ఉంచు. చల్లారాక పొడిని మరిగించి చల్లార్చిన నీళ్లలో బాగా పలచన చేసి, ఆ నీటి చుక్క పీడీఏ మీద వేసి చూడు. ట్రైకోడెర్మా చాలా చురుకైనది, ముందు తెల్లగా పరుచుకుని మూడు నాలుగు రోజుల్లోనే పచ్చబడుతుంది. అయితే పచ్చగా వచ్చిందల్లా అదే కాదు. పెనిసీలియం కూడా పచ్చగానే ఉంటుంది, ఆస్పర్‌జిల్లస్‌లో కూడా పసుపు పచ్చ రకాలు ఉన్నాయి, వాటిలో కొన్ని అఫ్లటాక్సిన్ అనే విషం వదులుతాయి. మైక్రోస్కోపులో పోగులు, కొమ్మలు చూసి పోల్చుకోవాలి, మీ కాలేజీ ల్యాబ్ వాళ్లని అడిగితే కాదనరు. ఇందుకే ఇంట్లో జొన్న గింజల మీద పెంచి ఊరందరికీ పంచే ఆలోచన ఇప్పుడే పెట్టుకోవద్దు. మంచి ప్యాకెట్ తెచ్చి గత్తంలో పెంచుకోవడం వరకు నిశ్చింతగా చెయ్యొచ్చు, మదర్ కల్చర్, అంటే పెంపకానికి మూలమైన శుద్ధమైన బూజు, నిలబెట్టడం మాత్రం శుభ్రత తెలిసిన చేతుల పని. నేర్చుకోవాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, అందరూ ఎన్ఐపీహెచ్ఎం అంటారు, అక్కడ రైతులకి, విద్యార్థులకి కూడా శిక్షణలు ఉంటాయి. వాళ్ల నోటీసులు చూస్తూ ఉండు.

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనేది బాక్టీరియా, పొడి తెల్లగా ఉంటుంది. లీటరు నీటికి 10 గ్రాములు కలిపి నాటే ముందు నారు వేళ్లు అరగంట ముంచుతారు. ఇది వేరు చుట్టూ ఉన్న ఇనుముని లాగేసుకుని జబ్బు సూక్ష్మజీవులకి దక్కకుండా చేస్తుంది, మొక్కలో తట్టుకునే శక్తిని కూడా కొంచెం లేపుతుంది. రాల్‌స్టోనియా మీద దీనికి కొంత పట్టు ఉంది కానీ ఒక ఊళ్లో బాగా పనిచేసి పక్క ఊళ్లో తేలిపోతుంది, నేల, వేడి, తడి, రకం అన్నిటి మీదా ఆధారపడుతుంది. మీ పొలంలో ఏమవుతుందో మీ పొలంలోనే చూడాలి.

పొలం_లెక్కలు:

నేను స్టాటిస్టిక్స్ చెబుతాను, ఊరు పర్లాకిమిడి దగ్గరే. నాన్న నమ్మేలా పరీక్ష ఎలా పెట్టాలి అన్నావు చూడు, నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ప్రశ్న. దాని గురించే రాస్తాను, పొడుగైనా ఓపికతో చదువు.

మన వాళ్లు సాధారణంగా చేసేది ఏంటంటే ఈ మడికి మందు వేసి పక్క మడికి వెయ్యకుండా చూసి, ఇది బాగుంది కాబట్టి మందు పనిచేసింది అంటారు. ఆ రెండు మడులకీ మందు ఒక్కటే తేడానా? ఒకటి పల్లంలో ఉండొచ్చు, ఒకదాంట్లో పోయినేడు చోడి (రాగి) వేసి ఉండొచ్చు, ఒకదానికి గట్టు మీద చెట్టు నీడ ఉండొచ్చు. ముఖ్యంగా మీ జబ్బు నీళ్లతో పాకేదైతే మడి ఎక్కడ ఉంది అన్నదే ఫలితాన్ని సగం తేల్చేస్తుంది.

అందుకని పొలాన్ని వాలుకి అడ్డంగా పట్టీలుగా విడగొట్టు. ఒక్కో పట్టీలో నేల ఎత్తు ఇంచుమించు ఒకటే ఉండాలి. ఐదు పట్టీలు చెయ్యగలిగితే మంచిది. ఒక్కో పట్టీలో పక్కపక్కన నాలుగు చిన్న మడులు, మడికి పాతిక మొక్కలు. నాలుగు మడుల్లో నాలుగు పద్ధతులు: ఒకదానికి ఏమీ వెయ్యకు, రెండోదానికి గత్తం, వేపపిండి మాత్రమే, మూడోదానికి అదే గత్తం, వేపపిండిలో ట్రైకోడెర్మా పెంచి, నాలుగోదానికి ఉత్త గత్తం, వేపపిండి వేసి నారు వేళ్లు సూడోమోనాస్‌లో ముంచి. ఆ రెండోది చాలామంది వదిలేస్తారు, దయచేసి నువ్వు వదలకు. మంచి గత్తం పడితే మొక్క ఎలాగూ బాగుంటుంది, ఆ పేరు ట్రైకోడెర్మాకి పోతుంది. రెండోదానికీ మూడోదానికీ మధ్య తేడా ఉంటేనే అది ట్రైకోడెర్మా చేసిన పని.

ఏ మడికి ఏది అన్నది నువ్వు ఎంచుకోకూడదు. ప్రతి పట్టీకీ విడిగా చీటీలు వేసి తియ్యాలి, మనసులో ఇష్టమైన పద్ధతిని తెలీకుండానే మంచి మడికి ఇచ్చేస్తాం, ఎంత నిజాయితీపరుడైనా సరే. నాన్ననే చీటీలు తియ్యమను, అప్పుడు పరీక్ష ఆయనది కూడా అవుతుంది.

ఇప్పుడు మన కొండ వాలు భూముల చిక్కు. పై పట్టీ నుంచి కింది పట్టీకి నీళ్లు పారితే పైన ఏ మడిలో జబ్బు ఉందో దాని కింది మడి అనవసరంగా దెబ్బతింటుంది, నీ లెక్క పాడవుతుంది. పట్టీకీ పట్టీకీ మధ్య కాలువ తీసి నీళ్లు పక్కకి పోయేలా చెయ్యి, మడికీ మడికీ మధ్య గట్టు కొంచెం ఎత్తుగా వెయ్యి, తడి పెట్టేటప్పుడు ఏ మడికి ఆ మడికి విడిగా పెట్టు. ఒక మడిలోంచి ఇంకో మడిలోకి గొప్పు తవ్వుకుంటూ పోకూడదు, గునపానికి అంటిన మట్టి చాలు జబ్బు మోయడానికి.

నాటినప్పటి నుంచి వారానికి ఒక రోజు ఎంచుకుని ప్రతి మడిలో వాలిన మొక్కలు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో తేదీతో రాయి, వాలిన మొక్క దగ్గర పుల్ల గుచ్చు, లేకపోతే పై వారం దాన్నే మళ్లీ లెక్కపెడతావు. లెక్కపెట్టే మనిషికి ఏ మడిలో ఏముందో తెలియకపోతే ఇంకా మంచిది, చెల్లి ఉంటే చెల్లికి ఇవ్వు. కాయ తూకం కూడా మడివారీగా రాయి, ఎందుకంటే నాన్నకి కావాల్సింది తక్కువ జబ్బు కాదు, ఎక్కువ కాయ. చివర్లో ఐదు పట్టీల్లోనూ ఒకే పద్ధతి ముందుంటే నమ్మొచ్చు. ఒక పట్టీలో ముందు, ఇంకో పట్టీలో వెనక ఉంటే, సగటు ఎంత బాగున్నా తొందరపడి ఎవరికీ చెప్పకు. అంకెలు ఇక్కడ పెడితే అనాలిసిస్ నేను చేసిపెడతాను.

గుణుపూర్_బోటనీ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. గ్లాసు పరీక్ష చేశాను, నాన్న కూడా పక్కనే కూర్చున్నారు. కింది మడిలో తీసిన మొక్కలన్నిటికీ పాల దారాలు స్పష్టంగా జారాయి, నాన్న అయితే గ్లాసు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. పై మడి మొక్కలకి మాత్రం ఏమీ రాలేదు. వాటి మొదట్లో తెల్ల బూజు, ఆవగింజల్లాంటివి ఉన్నాయి, పాథాలజీ అక్క చెప్పినట్టే. అంటే ఒకే పొలంలో రెండు జబ్బులా? వేళ్ల మీద బుడిపెలు రెండు చోట్లా లేవు. ఇప్పుడు పరీక్ష ఎలా మార్చుకోవాలి, ఈ సీజన్‌కి ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి_పాథాలజీ:

అవును తమ్ముడూ, రెండు జబ్బులు. ఇంత జాగ్రత్తగా వేరు వేరు చోట్ల చూశావు కాబట్టే తెలిసింది, చాలా సంతోషంగా ఉంది.

పై మడిలో స్క్లెరోషియం కాబట్టి ట్రైకోడెర్మాకి అక్కడ పని ఉంది, ఆ ఆవగింజల్లాంటి వాటిని కూడా అది పట్టి తింటుంది. కాకపోతే మాగని గత్తం, ఎండుటాకులు మొక్క మొదట్లో ఉంటే స్క్లెరోషియం వాటి మీదే బలిసి కాండానికి ఎక్కుతుంది, కాబట్టి గత్తం పూర్తిగా మాగాలి. ఈ పంట అయ్యాక లోతుగా దున్నితే ఆ గింజలు కిందికి పోయి గాలి అందక చాలావరకు మొలవవు.

కింది మడికి ఈ ఏడు మందు లేదు. వాలిన మొక్కల్ని మట్టితో సహా తీసి, ఎండబెట్టి కాల్చెయ్యి, కాలవలో వెయ్యకు. పనిముట్లు, మనుషులు ఎప్పుడూ ముందు పై మడి, తర్వాత కింది మడి, తిరిగి పైకి రావాలంటే కాళ్లు, గునపం కడుక్కుని రావాలి. వచ్చే పంటకి తట్టుకునే రకాలు చూడు. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లవి వంగలో ఉత్కల్ తారిణి, ఉత్కల్ మధురి, టమాటాలో ఉత్కల్ కుమారి ఉన్నాయి, బెంగళూరు వాళ్ల అర్క రక్షక్ టమాటా కూడా ఈ బాక్టీరియాని తట్టుకుంటుంది. తట్టుకునే వంగ వేరు మీద టమాటా అంటు కట్టడం ఇంకో దారి, తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్లు వరదలు, ఈ జబ్బు రెండింటి కోసం అదే చెబుతారు. నర్సరీ పని ఇష్టమైతే నేర్చుకో.

పంట మార్పిడి తప్పదు. వంగ తర్వాత టమాటా, టమాటా తర్వాత మిరప అంటే బాక్టీరియాకి ఏడాదంతా భోజనం పెట్టినట్టే. వేరుశనగ వెయ్యొద్దు, రెండు జబ్బులకీ అది దొరికిపోతుంది. అపరాలు స్క్లెరోషియానికి దొరుకుతాయి. మొక్కజొన్న, జొన్న అయితే రెండు జబ్బులకీ అంతగా దొరకవు, రెండు మడులకీ అవే మంచివి. చోడికి స్క్లెరోషియం వల్ల మొదలుకుళ్ళు వస్తుంది కాబట్టి దాన్ని పై మడిలో వెయ్యకు. సంత డబ్బు పోతుందని నాన్న అంటారు, నిజమే, అందుకే ఒక మడికి ఈ ఏడు, రెండోదానికి పై ఏడు అన్నట్టు మార్చండి. పచ్చి మొక్కజొన్న కంకులకి మీ వైపు గిరాకీ ఎలా ఉందో మీకే తెలుసు.

పరీక్ష రెండు మడుల్లో రెండుగా పెట్టు, కలపకు. పై మడికి లెక్కల సార్ చెప్పిన నాలుగు పద్ధతులు సరిపోతాయి. కింది మడిలో ట్రైకోడెర్మా బదులు ఉత్కల్ తారిణి నారు పెట్టు, సూడోమోనాస్ ఉంచు.

నీ గ్లాసు పరీక్ష సరైనదే కానీ ఒకసారి కల్చర్, అంటే ల్యాబ్‌లో ఆ సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష, చేయించి ఖాయం చేసుకోవాలి. గుణుపూర్‌లోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వాళ్లకి ఒడియాలో రాసి ఇవ్వు: ఏ పంట, ఏ రకం, ఎప్పుడు నాటారు, ముందు ఏ పంట ఉంది, ఏం మందులు పోశారు, అన్నీ. మొక్క సగం వాలినదే తీసుకెళ్లు. పూర్తిగా ఎండినదాంట్లో కుళ్ళు మీద బతికే బూజులు చేరిపోయి అసలుది దొరకదు. వేరు, మట్టి ఊడకుండా పాత న్యూస్‌పేపర్‌లో చుట్టు, ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే చెమర్చి కుళ్ళుతుంది. రెండు మడులవి విడివిడిగా కట్టి పేరు రాసి, పొద్దున్నే తవ్వి ఆ రోజే ఇచ్చేయి.